"ఆరు కారణాలు ఇచ్చారు, అంటే ఒక్కటీ లేదు": నా నవలకు ఎడిటింగ్ సర్వీస్ వాడి చూశాక

నా నవల చదివి ఎడిటర్ పంపిన 17 పేజీల ఉత్తరంలో నాకు మంట పుట్టించిన మాట రెండో పేజీలోనే ఉంది. "మృణ్మయి సంక్లిష్టమైన పాత్ర అని మీరు ఫారంలో రాశారు. నాకైతే ఆమె సంక్లిష్టంగా కనబడలేదు, మీరే ఇంకా తేల్చుకోలేదని అనిపించింది." ఫైల్ మూసేసి రెండు రోజులు దాని జోలికి పోలేదు. నాలుగేళ్ళు కూర్చుని రాసిన నవల, అందులో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి, డబ్బులు కట్టి మరీ ఈ మాట అనిపించుకోవాలా అని ఉక్రోషం. మూడో రోజు మళ్ళీ తెరిచి చదివితే ఆ మాట నిజమేనని తెలిసింది. అప్పుడు ఇంకా ఎక్కువ మండింది.

ఇది ఒక డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ సర్వీస్ గురించి. పేరు రాయడం లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. పైగా ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి, పనిచేసే పద్ధతిలో పెద్ద తేడా ఉండదు, ఎవరి దగ్గరికి వెళ్ళేవాళ్ళకైనా ఇందులో పనికొచ్చేది ఎంతో కొంత ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఎడిటింగ్ అనగానే అచ్చుతప్పులు దిద్దడం అనుకుంటాం. అది ప్రూఫ్ చూడడం, చిట్టచివరి పని. దానికి ముందు వాక్యాలు సరిగ్గా ఉన్నాయా, ఒకే పేరు మూడు రకాలుగా రాశారా అని చూసేది కాపీ ఎడిటింగ్. ఈ రెండిటికన్నా ముందు, కథ నిలబడిందా, పాత్ర నడిచిందా, ఏ అధ్యాయం ఎక్కడ ఉండాలి అని చూసేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. ఇందులో మీ వాక్యాలు దిద్దరు, ఉత్తరం రాస్తారు, మార్జిన్‌లో ప్రశ్నలు పెడతారు, అంతే. నాకు తెలిసిన ఒకాయన ఇది తెలియక డబ్బు కట్టి, ఒక్క అచ్చుతప్పూ దిద్దలేదని గొడవ పెట్టుకున్నాడు. అందుకని ముందే చెబుతున్నా.

నవల ఫాంటసీ. ఏడు ప్రాకారాల కోట, దాని ముట్టడి. మృణ్మయి ఆ కోట కట్టిన స్థపతి. మట్టిని తాకి గోడ లేపగలదు, కానీ లేపిన ప్రతి గోడతో పాటు తన జ్ఞాపకం ఒకటి ఆ మట్టిలో కలిసిపోతుంది, మళ్ళీ రాదు. తమ్ముడు శరభుడు కోటకు దండనాయకుడు. 22వ అధ్యాయంలో, బయట శత్రుసేన దిగి ఉండగా, తన చేతులతో కట్టిన తూర్పు ద్వారాన్ని ఆమే తెరుస్తుంది. తమ్ముడు ఆ రాత్రి చనిపోతాడు. ఎందుకు తెరిచింది అన్నదాని మీదే నవల మొత్తం నిలబడాలి. బీటా రీడర్లు, అంటే అచ్చుకు ముందే ప్రతి చదివి అభిప్రాయం చెప్పేవాళ్ళు, అయిదుగురు చదివారు. ముగ్గురు "పాపం" అన్నారు. ఒకరు "ఆవిడ కొంచెం కన్‌ఫ్యూజింగ్‌గా ఉంది" అన్నారు. అయిదో ఆయన అసలు అక్కడిదాకా రాలేదు, ఆ సంగతి మర్యాదగా దాచాడు గానీ నేనడిగిన ఒక్క ప్రశ్నకు దొరికిపోయాడు. కోటను, తమ్ముణ్ని శత్రువులకు అప్పగించిన మనిషిని చూసి "పాపం" అంటున్నారంటే ఎక్కడో గట్టిగానే తప్పాను. ఎక్కడో నాకు కనబడలేదు. అప్పటికి మూడుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ ఆమె బాధను ఇంకొంచెం పెంచాను, వాళ్ళు ఇంకొంచెం గట్టిగా "పాపం" అన్నారు.

ఇక సర్వీస్ సంగతి. వీళ్ళు పదానికి ఇంత అని లెక్కగట్టి తీసుకుంటారు, సగం ముందు, సగం ఉత్తరం వచ్చాక. పదాల లెక్క కాబట్టి పంపే ముందు మీకే తెలిసిన చెత్తను మీరే తీసేయండి. నేను 1,52,000 పదాల ప్రతిని 1,28,000కు తెచ్చాకే పంపాను, ఆ తీసేసిన 24,000 పదాలు అనవసరమని చెప్పించుకోవడానికి డబ్బు కట్టడం ఎందుకు. ఫైల్ యూనికోడ్‌లో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవాళ్ళు మార్చుకుని, మార్చాక ఒత్తులు ఎగిరిపోయాయేమో ఒకసారి చూసుకుని పంపాలి. కామెంట్లు వర్డ్ ఫైల్‌లోనే వస్తాయి. ప్యాకేజీలో ఒక ఉత్తరం, మార్జిన్ కామెంట్లు, ఒక గంట వీడియో కాల్, తిరగరాశాక మూడు అధ్యాయాలు మళ్ళీ చదివి చెప్పడం ఉంటాయి. నాలుగు వారాలు అన్నారు. 12 రోజులు ఆలస్యం చేశారు, రెండు మెయిళ్ళు పెడితే గానీ పలకలేదు. పలికినప్పుడు కూడా "మీ రచనకు తగినంత సమయం ఇస్తున్నాం" అన్నారు, ఆ మాట చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముందు ఒక ఫారం నింపమంటారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, నేను తీసుకున్నాను. "ఈ ప్రతిలో మీకు తెలిసిన లోపం ఏమిటి?" అని ఒక గడి ఉంటుంది. అందులో నేను చిన్న వ్యాసమే రాశాను, మృణ్మయి ఎంత లోతైనదో, ఆమెలో ఎన్ని పొరలున్నాయో, పాఠకులకు ఎందుకు అందడం లేదో అని. అసలు అడగాల్సింది ఒక్కటే: "22వ అధ్యాయంలో ఆమె తలుపు తెరిస్తే మీరు నమ్మారా?" అంత సూటిగా అడిగి ఉంటే ఉత్తరంలో అయిదారు పేజీలు నా వ్యాసానికి జవాబు చెప్పడంలో పోయేవి కావు.

ఇప్పుడు ఉత్తరంలో నిజంగా డబ్బుకు తగ్గ భాగం గురించి. చివర్లో ఒక పట్టిక ఉంది. మృణ్మయి కనబడే ప్రతి సీనూ ఒక వరుస, మొత్తం 34. ఒక్కో వరుసలో నాలుగు గడులు: ఈ సీన్‌లో ఆమెకు ఏం కావాలి, దానికోసం ఏం చేసింది, దానివల్ల ఏం పోగొట్టుకుంది, ఆ సంగతి ఇంకెవరికి తెలుసు. అంతే, వ్యాఖ్యానం లేదు. చూడగానే నా ఒళ్ళు చల్లబడింది. రెండో గడి 34లో 29 చోట్ల ఖాళీ. ఆమె ఏదైనా నిర్ణయం తీసుకున్న సీన్లు అయిదే. మిగతా వాటిలో ఆమె కిటికీలోంచి చూస్తుంది, గోడకు చెయ్యి ఆనిస్తుంది, వేరేవాళ్ళు ఆమె గురించి మాట్లాడుకుంటారు. "ఆమె మనసు ఎవరికీ అర్థం కాదు" అని మూడు వేర్వేరు పాత్రలు మూడు చోట్ల అంటాయి, మూడూ నేనే రాశాను, ఒక్కసారి కూడా సిగ్గు వేయలేదు. పొరలు పొరలు అని నేను మురిసిపోయిందంతా చుట్టుపక్కలవాళ్ళ నోటి మాటే.

అదే ఉత్తరంలో ద్వారం తెరవడానికి నేనిచ్చిన కారణాలు ఏరి వరసగా పెట్టారు. రాజు చేసిన అన్యాయం. కోటలో ఆకలి. శత్రువుల దూత మీద ఇష్టం. గోడలు ఆమెతో మాట్లాడడం. అమ్మ ముఖం మర్చిపోయిన దుఃఖం. ప్రాణాలకు అభయమిస్తామన్న శత్రువుల మాట. కింద ఒక్క వాక్యం: "ఆరు కారణాలు ఇచ్చారు, అంటే ఒక్కటీ లేదు." ఒక కారణం బలంగా లేదని భయం వేసినప్పుడల్లా ఇంకోటి చేర్చుకుంటూ పోయాను, అవి కుప్పపడి సంక్లిష్టత అయిందనుకున్నాను. వీళ్ళు ఇక్కడ అరిస్టాటిల్‌ను కూడా లాక్కొచ్చారు, నాటకం గురించి రాసిన 'పొయెటిక్స్' 15వ అధ్యాయంలో ఆయన పాత్రకు నిలకడ ఉండాలంటూ, నిలకడ లేని మనిషినే చూపిస్తున్నా ఆ నిలకడలేనితనం నిలకడగా ఉండాలి అన్నాడు. మామూలుగా ఇలాంటి ఉత్తరాల్లో పెద్దల పేర్లు అలంకారానికి పెడతారు, ఇక్కడ మాత్రం సరిగ్గా నా వీపు మీద పడింది. మృణ్మయి ఏడో అధ్యాయంలో భయస్థురాలు, తొమ్మిదిలో తెగువ, పన్నెండులో మళ్ళీ భయం. ఎందుకంటే ఆ రోజు నాకు అలా రాయబుద్ధేసింది.

మార్జిన్ కామెంట్లు 240 దాకా ఉన్నాయి. సగం బాగున్నాయి, పావు భాగం ఏ నవలకైనా అతికించగల సరుకు. "చెప్పకండి, చూపించండి" అని 14 సార్లు ఉంది, లెక్కపెట్టాను. అందులో ఒకటి "మూడు నెలలు గడిచాయి" అనే వాక్యం పక్కన. మూడు నెలలు ఎలా చూపించమంటారండీ, క్యాలెండర్ కాగితాలు ఎగరేయనా?

కానీ ఆ కుప్పలోనే రెండు కామెంట్లు ఉన్నాయి, నా నవలను నిలబెట్టినవి అవే. రెండూ ఒక్కో వాక్యం.

మొదటిది మన భాషకే సంబంధించింది, ఇంగ్లీషులో రాసేవాళ్ళకు ఈ అదృష్టం లేదు. మృణ్మయి తమ్ముణ్ని మూడో అధ్యాయంలో "ఒరేయ్ శరభా" అంటుంది. తొమ్మిదిలో "నువ్వు". పదకొండులో నిండు కొలువులో, పదిమంది ముందు, "మీరు". అక్కడిదాకా సబబే, కొలువులో దండనాయకుణ్ని ఒరేయ్ అనదు కదా. పదిహేనులో చూరు కింద ఇద్దరే ఉన్నారు, అక్కడా "మీరు" అనే రాశాను. కామెంట్: "ఇద్దరే ఉన్నప్పుడు కూడా మీరు అంటోంది. కావాలని చేశారా, చూసుకోలేదా?" చూసుకోలేదు. కొలువు సీన్ రాసిన ఊపులో అలా వెళ్ళిపోయింది, అంతే. కానీ ఆ ప్రశ్న చదివాక దాన్ని దిద్దబుద్ధి కాలేదు. ఇద్దరే ఉన్నప్పుడు అక్క తమ్ముణ్ని మీరు అంటోందంటే ఏదో దాస్తోంది. ఇప్పుడు కొత్త ప్రతిలో శరభుడు నవ్వుతూ అడుగుతాడు, "ఏంటక్కా, ఇక్కడ ఎవరున్నారని ఈ మన్నన?" ఆమె మాట మారుస్తుంది. వాడికి అనుమానం రాదు, చదివేవాళ్ళకు వస్తుంది. పాత ప్రతిలో ఇదే పని చేయడానికి ఒకటిన్నర పేజీల అంతర్మథనం రాసుకున్నాను. తెలుగులో పాత్రను తిరగరాసేవాళ్ళు ఎవరైనా ముందు ఒకే పని చేయండి: ఆ పాత్ర ఎవరిని ఎప్పుడు ఏమని పిలుస్తుందో అధ్యాయాలవారీగా ఒక కాగితం మీద రాసుకోండి. నువ్వు, మీరు, ఒరేయ్, పేరు పెట్టి పిలవడం, అసలు పిలవకుండా తప్పించుకోవడం. మీకే తెలియని సంగతులు బయటపడతాయి.

రెండోది ఇంకా చిన్నది. "ఆరో అధ్యాయంలో అమ్మ ముఖం గోడకు ఇచ్చేసింది కదా, పద్నాలుగులో ఎలా గుర్తొచ్చింది?"

ఇది చూసి మొదట విసుక్కున్నాను. పద్నాలుగులో ఆ సీన్ కన్నీళ్ళ కోసం రాసింది, బాగా పండిందని అనుకున్నాను, ఏదో ఒక వాక్యం పెట్టి సర్దేద్దాం అనుకున్నాను. సర్దబోతే కుదరలేదు. గోడకిచ్చిన జ్ఞాపకం తిరిగొస్తే ఆ శక్తికి మూల్యం లేనట్టే, మూల్యం లేకపోతే ఏడు గోడలు ఏమిటి, డెబ్భై కట్టుకోవచ్చు. ఫాంటసీలో మంత్రానికి నియమం పెట్టి రచయితే దాన్ని తప్పితే ముందు దెబ్బతినేది పాత్రే. కర్ణుడి కథలో పరశురాముడి శాపం అవసరమైన వేళకే అస్త్రం గుర్తుకు రాకుండా చేస్తుంది, ఆ శాపం ఎందుకొచ్చిందంటే గురువుకు అబద్ధం చెప్పి విద్య నేర్చుకున్నందుకు. ఆ శక్తి ఎలా వచ్చింది, ఎందుకు పోయింది, మనిషి ఎలాంటివాడు, ఈ మూడిటినీ విడదీయలేం. చిన్నప్పటినుంచీ వింటున్న కథే. నా నవలకొచ్చేసరికి మర్చిపోయాను.

అందుకని ఒక సాయంత్రం కూర్చుని మృణ్మయి ఏ గోడకు ఏ జ్ఞాపకం ఇచ్చిందో వరసగా రాశాను. పాత ప్రతిలో మూడింటికే ఉంది, మిగతావి "ఏదో ఒకటి" అని వదిలేశాను. రాస్తూ పోతే ఏడో గోడ దగ్గర ఆమె దగ్గర మిగిలింది ఏమిటో తేలింది. అమ్మ పోయింది, నేర్పిన గురువు పోయాడు, పుట్టిన ఇల్లు పోయింది. ఎనిమిదో గోడ లేపాలంటే ఇవ్వదగ్గంత పెద్దది ఒక్కటే ఉంది, తమ్ముడు. రాజు ఎనిమిదో గోడ కట్టమన్నాడు. కడితే కోట నిలుస్తుంది, తమ్ముడు బతుకుతాడు, కానీ రేపు పొద్దున వాడు ఎదురొస్తే ఎవరో ఆమెకు తెలియదు. కట్టకపోతే ఎలాగూ కోట పడుతుంది. ఆమె తలుపు తీస్తుంది. వాణ్ని మర్చిపోవడం ఇష్టం లేక వాణ్ని చంపుకుంటుంది.

పాత ఆరు కారణాలూ ఆ రాత్రే కొట్టేశాను. శత్రువుల దూత మీద ఇష్టం అన్న మొత్తం దారం, దాదాపు 11,000 పదాలు, ఎత్తేశాను. ఒక్క పూట బాధ వేసింది, మర్నాడు ఆ దూత పేరే గుర్తురాలేదు. ఒకటే కారణం మిగిలాక చిత్రంగా ఆమె మునుపటికన్నా అంతుపట్టకుండా పోయింది. అది ప్రేమా, స్వార్థమా? నాకు తెలుసు ఆమె ఏం చేసిందో, ఎందుకు చేసిందో, దాన్ని ఏమని పిలవాలో మాత్రం తెలియదు. ఉత్తరంలో అన్న "తేల్చుకోవడం" ఇదే అనుకుంటా.

ఇక వాళ్ళ పెద్ద సలహాల సంగతి. ఇక్కడే నాకు వీళ్ళతో పేచీ. ఉత్తరంలో ఆఖరి నాలుగు పేజీలు "సూచనలు". ఒకటి, మృణ్మయి బాల్యం ఒక ప్రోలాగ్‌గా, అంటే మొదటి అధ్యాయానికి ముందు వచ్చే భాగంగా పెట్టండి, గోడ కూలి తల్లి చనిపోయినట్టు. రెండు, ఆమె మీద పాఠకుడికి ఇష్టం కలగాలి, మొదటి యాభై పేజీల్లో ఎవరో పిల్లవాణ్ని కాపాడే సీన్ పెట్టండి. మూడు, క్లైమాక్స్ తమ్ముడి దృష్టిలోంచి రాయండి. డబ్బులు కట్టాం కదా అని ప్రోలాగ్ రాశాను. తొమ్మిది రోజులు, 4,000 పదాలు. రాతపరంగా బాగానే వచ్చింది, అదే దాని ప్రమాదం. గోడ కింద పడి తల్లి చనిపోయినట్టు మొదటి పేజీలో చెప్పేశాక, ఆ తర్వాత ఆమె ఏం చేసినా చదివేవాడు "ఆ, చిన్నప్పుడు అలా జరిగింది కదా" అని తల ఊపుతాడు. తాళం చేతికి ఇచ్చేసి గది ముందు కూర్చోబెట్టినట్టు. మళ్ళీ అదే "పాపం". ఇలాంటి చిన్ననాటి గాయం ఒకటి తెచ్చి తగిలించడం ఈ మధ్య ప్రతి పాత్రకూ అలవాటైపోయింది, నాకు దాని మీద మోజు పోయింది. పిల్లవాణ్ని కాపాడే సీన్ అసలు ప్రయత్నించలేదు. తమ్ముడి దృష్టి మాత్రం మంచి ఆలోచనే, ఒకసారి రాసి చూశాను, కానీ వాడికి ఏమీ తెలియదు కాబట్టి ఆ సీన్ అంతా ఆశ్చర్యమే తప్ప ఇంకేం లేదు.

వీడియో కాల్‌లో ఇది మొహమాటం లేకుండా చెప్పాను. ఎడిటర్ గారు నొచ్చుకోలేదు, అది ఆవిడ గొప్పతనమే. "సూచన నచ్చకపోతే తీసేయండి, ఆ సూచన ఎందుకు చేయాల్సొచ్చిందో మాత్రం చూడండి. ప్రోలాగ్ ఎందుకడిగానంటే 22వ అధ్యాయం దగ్గర నాకు ఏదో తక్కువైంది, ఆ ఏదో ఏమిటో నాకు తెలియదు, మీకు తెలియాలి" అన్నారు. ఈ మాట ఉత్తరంలోనే రాసి ఉంటే నాకు తొమ్మిది రోజులు మిగిలేవి. ఆ గంటలో ఇంకో మాట కూడా వచ్చింది. తేల్చుకోలేదు అన్నందుకు నేను ఎంత ఉడికానో చెబితే నవ్వి, ఆవిడ టోల్కీన్ ఫాంటసీ నవల 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చిత్తుప్రతుల సంగతి చెప్పారు. తొలి చిత్తుల్లో అరగార్న్ మనిషే కాదు, చెక్క బూట్లు వేసుకున్న ట్రాటర్ అనే హాబిట్, అంటే ఆ నవలలోని పొట్టి జాతివాడు. ఆ చిత్తులు 1988లో పుస్తకంగా వచ్చాయి. సత్రంలో మూల కూర్చున్న ఆ మనిషి ఎవరో తనకూ తెలియదని టోల్కీన్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు కూడా. చివరికి రాజవంశానికి వారసుడైనవాడు మొదలైంది అలాగ. నాకు కొంత ఊరట అనిపించింది. కొంతే, ఎందుకంటే ఆయన ఆ ట్రాటర్‌ను అలాగే అచ్చుకు పంపలేదు, నేను పంపబోయాను.

కాల్ అయ్యాక ద్వారం సీన్ మొదట్నుంచి రాశాను. పాతదాంట్లో రెండున్నర పేజీల మథనం, "గుండె బరువెక్కింది", "కాలం స్తంభించింది" లాంటి సరంజామా అంతా ఉంది. కొత్తదాంట్లో ఆమె ఆలోచించదు. గడియ మీద చెయ్యి వేసే ముందు తమ్ముడి గురించి తనకు గుర్తున్నవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుంది, మూటలో డబ్బులు సరిగ్గా ఉన్నాయా అని చూసుకున్నట్టు. వాడి మొదటి పన్ను ఊడిన రోజు, వాడికి నీళ్ళంటే భయం, నిద్రలో పళ్ళు కొరకడం. అన్నీ ఉన్నాయి. గడియ తీస్తుంది. పేజీన్నర కూడా లేదు. "ఇప్పుడే ఏడ్చేయండి" అనే సైగ ఎక్కడా లేదు.

దీనికి తగ్గట్టు వెనక్కి వెళ్ళి ఆ 34 వరసల పట్టిక మళ్ళీ నింపాను, ఈసారి రెండో గడి ఖాళీగా ఉన్న సీన్లన్నీ లేపేయడమో, ఆమెతో ఏదైనా చేయించడమో. 34 కాస్తా 23 అయ్యాయి. ఒకటి మాత్రం ఖాళీగానే ఉంచాను, ఆమె ఏమీ చేయకుండా తమ్ముడు అన్నం తింటుంటే చూస్తూ కూర్చునే సీన్. పట్టిక చెప్పిందని ప్రతిచోటా ఏదో ఒకటి చేయిస్తే అదో యంత్రం అవుతుంది. దీని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు, ఉండాల్సింది.

తిరగరాసిన మూడు అధ్యాయాలు రెండో విడతకు పంపాను. ఇక్కడ ఘోరంగా నిరాశపడ్డాను. చదివింది ఆవిడ కాదు, వేరే ఎవరో. ముందు చెప్పలేదు, అడిగితే "మా టీం మొత్తం ఒకే ప్రమాణం పాటిస్తుంది" అన్నారు. ఆ వచ్చిన కామెంట్లలో మొదటిదే "ఈమె తమ్ముణ్ని మీరు అని ఎందుకంటోంది, తప్పు పడింది, నువ్వు అని మార్చండి" అని. పాత ఉత్తరం చదవకుండానే కూర్చున్నారని అర్థమైంది. పాత్రను తిరగరాయడంలో మొదటి ప్రతి చదివిన కళ్ళే రెండోసారి చదవడం చాలా ముఖ్యం, ఏం మారిందో తెలిసేది వాళ్ళకే. ఆ విడతకు నేను కట్టిన డబ్బు గాలికి పోయినట్టే. తిరిగిమ్మని అడిగాను, కుదరదన్నారు, వచ్చేసారి ఏదైనా పంపితే తగ్గిస్తామన్నారు. మీరు ఎవరితో మాట్లాడుకున్నా సరే, రెండు విడతలూ ఒకే మనిషి చూస్తారని మెయిల్‌లో రాయించుకోండి. ముందుగా కొన్ని పేజీలకు నమూనాగా సాంపుల్ ఎడిట్ చేసిస్తే, అది చేసిన మనిషే మొత్తం చూస్తారా అని కూడా అడగండి. ప్రతి బయటికి పోకుండా ఏం చేస్తారో కూడా రాయించుకోండి, ఇది వీళ్ళు అడగకుండానే ఇచ్చారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

ఎవరికి పనికొస్తుంది? ప్రతి పూర్తయ్యి, రెండు మూడుసార్లు మీరే తిరగరాసి, తేడా ఎక్కడుందో తెలుస్తున్నా ఏమిటో తెలియక తిరుగుతున్నవాళ్ళకు. మొదటి చిత్తు సగంలో ఉన్నవాళ్ళు వెళ్ళకండి, డబ్బు దండగ, పైగా ఆ 17 పేజీలు చూశాక మిగతా సగం రాయలేరు. బీటా రీడర్లు దొరకనివాళ్ళు ముందు వాళ్ళను వెతుక్కోండి, వాళ్ళు చెప్పేది ఉచితం, "పాపం" అనే ఒక్క మాట నాకు ఈ ఉత్తరానికి ముందే అసలు జబ్బు చెప్పేసింది, నేనే వినలేదు. పట్టిక మాత్రం ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు, పైన గడులు చెప్పేశాను, ఒక ఆదివారం కూర్చుంటే మీరే వేసుకోవచ్చు. నిజాయితీగా నింపుకోగలరా లేదా అన్నదే తేడా, నేనైతే నింపి ఉండేవాణ్ని కాదు, 34 వరసల్లోనూ "లోతైన మౌనం" అని రాసుకునేవాణ్ని.

అయిదుకు మూడున్నర. ఉత్తరానికి నాలుగున్నర, రెండో విడతకు ఒకటి, సగటు వేయకుండా నా ఇష్టం వచ్చినట్టు ఇచ్చాను.

కొత్త ప్రతిని ఆ పాత అయిదుగురిలో ఒకరికే ఇచ్చాను, మొదటిసారి అందరికన్నా గట్టిగా "పాపం" అన్నావిడకు. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి హలో కూడా అనకుండా తిట్టడం మొదలుపెట్టింది. నన్ను కాదు, మృణ్మయిని. తలుపు తీసినందుకు కాదట. తీసే ముందు వాడికి ఒక్క మాట చెప్పనందుకు.